నిలబడిన మెట్టు లెక్కకు రాదు

మా మనవరాలికి గిటారు నేర్పేది ఫోను. దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి, ఎదురుగా చాప పరుచుకుని కూర్చుంటుంది. ఫోనులో ఒక గడ్డం కుర్రాడు గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతుంటాడు. తిరుపతిలో మా అపార్టుమెంటు గోడలు పలచన కాబట్టి ఆ కుర్రాడు మా ఒక్కరికే కాదు, అటూ ఇటూ రెండేసి ఇళ్లకు గురువు. మొన్న ఆదివారం పొద్దున నేను వంకాయలు తరుగుతుంటే అది తల తిప్పకుండానే, "అమ్మమ్మా, హోల్ స్టెప్పంటే రెండంట, హాఫ్ స్టెప్పంటే ఒకటంట. రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. ఇదే స్కేలు. నీకర్థం కాదులే," అంది.

నాకు నవ్వొచ్చింది. కత్తిపీట పక్కకు జరిపి కాసేపు నవ్వుకున్నాను. ఆ అంకెలు నాకు మా ఇంటి తలుపు నంబరు కన్నా బాగా గుర్తు. ఒక మామిడికాయల కాలమంతా అవి నన్ను ముప్పుతిప్పలు పెట్టాయి.

మాది బంగారుపాళ్యం దగ్గర మామిడితోట. మద్రాసు నుంచి బెంగళూరికి పోయే రోడ్డు మా తోట అంచునే పోతుంది. రోడ్డుకు అవతల రసం ఫ్యాక్టరీ. సీజనులో ఆ ఫ్యాక్టరీ వెనక తొక్కలూ టెంకలూ గుట్టలుగా పడి పులిసేవి. ఆ తీపి పులుపు వాసన తట్టుకోలేక బస్సులో వాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. మాకేమో ఆ వాసన రాని రోజున ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. ఆ రెండు నెలలూ మా బట్టలూ, జడలూ, స్కూలు పుస్తకాలూ అన్నీ మామిడి వాసనే. సంకటిలోకి మామిడికాయ పప్పు, చద్దన్నంలోకి మామిడి ముక్క, రాత్రి మజ్జిగన్నంలోకి మామిడిపండు. మా అమ్మను ఏం కూరమ్మా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మా నాయన లెక్కల మనిషి. పుస్తకం లెక్కలు కాదు, గంపల లెక్క. ఫ్యాక్టరీలో ఎటూ కాయను తూకం వేస్తారు. అయినా లారీకి ఎక్కే ప్రతి గంపనూ లెక్కపెట్టందే ఆయనకు అన్నం సయించదు. ఆ లెక్కకు ఒక పద్ధతుంది. మొదటిది ఒకటి అనకూడదు, 'లాభం' అనాలి. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఆరు తర్వాతది నోట రాకూడదు, అందులో ఏడుపు ఉందని. 'ఆరున్నొకటి' అనాలి. ఆ తర్వాత ఎనిమిది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. లెక్క గాలిలో మొదలుకాకూడదు. అప్పటికే లారీ మీదున్న గంప మీద చెయ్యి ఆనించి లాభం అనాలి, దాని పక్కన పడిన గంపను రెండు అనాలి. గొంతు పెద్దదని చిన్నప్పటి నుంచీ ఆ పని నాకే అప్పజెప్పారు. నేను లారీ చక్రం మీద నిలబడి "లాభం" అని అరిచానంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారు లేచి కూర్చునేవాడు.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఊరికే ఉన్న ఎండాకాలంలో మా ఇంటికి గిటారు వచ్చింది. తెచ్చినవాడు ఫ్యాక్టరీ మెకానిక్కు. బెంగళూరు వైపు మనిషి, అరవం తెలుగు కలగలిపి మాట్లాడేవాడు. మేము మెకానిక్కు మామ అనేవాళ్లం. చేతులకు గ్రీజు, మీసాలకు మామిడి రసం. ఏటా సీజనుకు వచ్చి మా మోటారు కొట్టం పక్కగదిలో దిగేవాడు. ఆ ఏడాది ఆయన్ను అరవదేశం సరిహద్దులో ఇంకో ఫ్యాక్టరీకి వేశారు. పోయే ముందు గిటారు చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"ఆడ గదిలో ఎలకలంట రెడ్డీ. తీగలు కొరికేస్తాయి. సీజనయ్యే దాకా దీన్ని మీ ఇంట్లో పెట్టుకో," అన్నాడు మా నాయనతో.

నేను అప్పటికే దాని పక్కన కూర్చుని ఉన్నాను. ఒక పాట వాయించమని అడిగాను.

"పాటలు నాకు రావు అమ్మణ్ణీ," అన్నాడు ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా. "సంగీతం వచ్చు."

అది నిజమే. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో స్కేళ్లు, వాటి మెట్లు, ఏది దేనికి చుట్టమో, ఏది దేనితో పడదో అంతా రాసి ఉండేది. పదేళ్లుగా గిటారు మోస్తున్నాడు, పుస్తకం నిండింది, ఒక్క పాటా రాలేదు. మోటారు విప్పి ఏ మర ఎందుకు తిరుగుతుందో చెప్పేవాడికి ఆ మోటారుతో నీళ్లు తోడుకునే అవసరం ఉండదు కదా, అట్లా అన్నమాట.

ఆయన ఒక కాగితం ముక్క మీద రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి అని రాసిచ్చాడు. గిటారు మెడ మీద అడ్డంగా ఉన్న కమ్మీలు చూపించాడు.

"వీటిని ఫ్రెట్లంటారు. లావు తీగ మీద మొదలుపెట్టు. మొదట యాడా నొక్కకుండా వట్టి తీగ మీటు. ఆడి నుంచి ఈ లెక్కన ముందుకు పోతా ఉండు. ఎనిమిదో స్వరం కాడికి పోతే మొదటి స్వరమే పైన మళ్లా దొరుకుతాది. ఇల్లు చేరినట్టు. సంగీతమంతా ఇంతే. మిగతాది సుమ్మనే, ఊరికే అలవాటు." తీగలు శ్రుతి చేసి, చివరనున్న బిరడాలను ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాడు. తర్వాత ఏమనుకున్నాడో, "నేనొచ్చేలోగా దీన్లో ఒక పాట వాయిస్తే ఇది నీకే ఇచ్చేస్తా అమ్మణ్ణీ. నాతో ఉండి దీనికి మాత్రం ఏం సుఖం?" అన్నాడు.

మా నాయన గంపలు లెక్కపెట్టే మనిషి కదా, ఆ బేరం గాలిలో ఉండటం ఆయనకు నచ్చలేదు. "పాటని ఎవురు సెప్పాల? నువ్వా? నీకే రాదంటివి," అన్నాడు. "ఇంట్లో శబ్దమనేది ఉంటే దానికి ఒక పేరుండాల. మాయమ్మ విని, ఇది ఫలానా పాట అని గుర్తుపడితే సరి. లేకుంటే నీలంకాయ కడాపటి లారీ పొయ్యేనాడు దాన్ని కూడా ఎక్కించేస్తా."

నీలం మా తోటలో అన్నిటికన్నా చివర దిగే కాయ. అంటే నాకు రెండు నెలలు టైముంది. కానీ విని చెప్పాల్సింది మా అవ్వ. అవ్వకు చెవి పాముచెవి. నోరు మాత్రం ముల్లుకర్ర. ఎవరి మనసూ నొవ్వకుండా మాట్లాడటం ఆమె ఎరగదు. పెళ్లిళ్లలో పిల్ల ఎట్లుందని అవ్వను అడగకుండా చుట్టాలు ఆమెను దూరంగా కూర్చోబెట్టేవాళ్లు.

మరుసటి రోజు నుంచి నా సాధన మొదలైంది. కాగితం ముందు పెట్టుకున్నాను. లెక్క నాకు కొత్తా? మా పద్ధతిలోనే మొదలుపెట్టాను. వట్టి తీగ మీటి, ఉన్న చోటును లాభం అన్నాను. పక్క గడి, అంటే రెండు కమ్మీల నడుమ చోటు, రెండు. కాగితంలో రెండు అని ఉంది కాబట్టి అక్కడ ఆగాను. మళ్లీ ఆ గడి లాభం, దాని పక్కది రెండు. తర్వాత ఒకటి. ఒకటి అంటే లాభం, అంటే ఉన్న చోటే. కాబట్టి అదే గడిని ఇంకోసారి మీటాను. ఇట్లా ఎనిమిది స్వరాలూ ముగించేసరికి నా వేలు ఐదో గడి దగ్గర ఉంది. ఇల్లు చేరినట్టేనా అని అనుమానం వచ్చింది. పక్క తీగ వట్టిగా మీటి చూశాను. అచ్చం అదే మోత. పైన మళ్లీ దొరుకుతుందన్నది ఇదే కాబోలని పొంగిపోయాను. గిటారును శ్రుతి చేయడంలోనే ఐదో గడీ పక్క తీగా ఒకటిగా మోగేలా చేస్తారని నాకెవరు చెప్పాలి? తప్పు చేసినప్పుడు ఎవరైనా కాదంటే దిద్దుకుంటాం. ఆ గిటారు నా తప్పుకు సాక్ష్యం చెప్పింది.

మరిచిపోకుండా ఆ గడులన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టాను. పన్నెండో గడి దగ్గర గిటారు చేసినవాళ్లే రెండు తెల్ల చుక్కలు పెట్టి ఉన్నారు. అవెందుకని అవ్వను అడిగితే దిష్టిచుక్కలన్నది. అంత దూరం నేను ఎప్పుడూ పోలేదు కాబట్టి నమ్మాను.

పదిరోజులకు వేళ్లు బొబ్బలెక్కాయి. అవ్వ వాటికి ఆముదం రాసి, "మెట్లెక్కేది కాళ్లతో గదే, నీకు వేళ్లు పగిలినాయేందే," అన్నది. ఫ్రెట్లను ఆమె మొదటి రోజు నుంచీ మెట్లనే అనేది. ఇట్లాంటి స్వరాలు మొత్తం ఎన్నే అని ఒకసారి అడిగింది. మెకానిక్కు మామ చెప్పింది గుర్తుచేసుకుని ఏడని చెప్పబోయాను. నా నోటి మీద చెయ్యి పెట్టి, "ఆరున్నొక్కటి అను. పొద్దుగాలనే ఏం మాటలే," అని కసిరింది.

వైశాఖం చివర్లో నాయన తనిఖీ పెట్టాడు. మంగళహారతి పాట వాయిస్తానని నేను మనసులో అనుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు, చెబితే పందెం చెల్లదు. అవ్వ గడప మీద, నాయన మంచం మీద, అమ్మ చాట పట్టుకుని వంటింటి వాకిట్లో. నేను నా కుంకుమ బొట్ల మీద వేళ్లు నడిపించాను. అన్నీ ఇరుగుపొరుగు గడులు, పైగా మధ్యలో రెండు చోట్ల నిలబడి కాలు నేలకేసి కొట్టినట్టు అదే స్వరం రెండుసార్లు. నేను మాత్రం కళ్లు మూసుకుని తన్మయంగా వాయిస్తున్నాను.

అంతలో చేతి మీద చురుక్కుమంది. కళ్లు తెరిస్తే గిటారు పొట్టలోంచి గండుచీమలు బారు కట్టి బయటికి వస్తున్నాయి. ముందు రోజు ఉప్పూ కారం కలిపిన మామిడి ముక్కలు, దాంతోపాటు ఒక బెల్లం గడ్డ, తమ్ముడికి దొరక్కుండా పొట్లం కట్టి తీగల సందున ఆ బొక్కలో వేశాను. తీయడం మరిచిపోయాను. అయినా గెలుపు మీద ఆశతో చివరి దాకా వాయించాను.

అవ్వ నిదానంగా ఆలోచించింది. "మన మోటారు నీళ్లందక గుర్రుమన్నట్టు ఉండాది," అన్నది.

"పాట పేరు సెప్పమ్మా," అన్నాడు నాయన.

"అదే సెప్తి గదరా."

"నాకైతే పిల్లి గోడెక్కలేక జారతా ఉన్నట్టు అనిపించింది అత్తా," అన్నది అమ్మ, తానూ ఒక మాట వేయకపోతే బాగుండదన్నట్టు. నేను గిటారు బోర్లించి చీమలు దులుపుకుంటూ ఏడ్చాను. ఆ ఏడుపు చీమలదని అందరూ అనుకున్నారు.

జ్యేష్ఠంలో అవ్వకు కొండ మొక్కు వచ్చింది. మోకాళ్ల నొప్పి తగ్గితే అలిపిరి నుంచి నడిచి, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని ఎప్పుడో మొక్కుకున్నది. నొప్పి తగ్గలేదు. తగ్గాక పోదామంటే దేవుడికి తొందరుండదు గానీ నాకుండాది అని బయలుదేరింది. పళ్లెం పట్టుకోవడానికి నేను. గిటారును వదిలి రెండు రోజులు పోవాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చింది, కానీ అవ్వకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టాం. అవ్వ వంగి మెట్టుకు పసుపు రాసి బొట్టు పెడుతుంది, లేస్తుంది, ఎక్కుతుంది, మళ్లీ వంగుతుంది. కొంత దూరం పోయాక నడుము పట్టుకుని, "పది మెట్లకొకతూరి కూసుంటా. నువ్వు లెక్కెయ్యే," అన్నది.

నేను వేశాను. ఆమె కూర్చుని లేచిన మెట్టును లాభం అన్నాను, తర్వాతది రెండు. పదికి రాగానే కూర్చోమన్నాను. అట్లా నాలుగైదుసార్లు అయ్యాక అవ్వ కూర్చోకుండా నిలబడి వెనక్కి చూసింది. బొట్లను వేలితో ఎంచింది.

"తొమ్మిదే పెట్టినాం గదే. పదంటావేందే?"

"పదే అవ్వా. ఇదో, నువ్వు కూసున్న మెట్టు లాభం."

"కూసున్న మెట్టుకు బొట్టు ముందే పెట్టినాం. దాన్ని మళ్లా ఎట్ల లెక్కేస్తావు?"

"గంపలకు అట్లే గదా అవ్వా లెక్కేసేది. ఉన్నదాని మీద చెయ్యిపెట్టి మొదలుపెట్టమని నాయనే సెప్పినాడు."

అవ్వ నన్ను తేరిపార చూసింది. "గంప అంటే ఆడ ఉండే వస్తువే. దాన్ని ఉన్నెట్టే లెక్కెయ్యాల. ఇది ఎక్కేది. కాలు కదిలితేనే ఒకటి. నిలబడిన మెట్టును లెక్కేసుకుంటా పోతే కూతురా, నువ్వు నాలుగు దినాలైనా ఈడే ఉంటావు."

నేను పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. కుంకుమ సగం ఒలికిందని తర్వాత తెలిసింది. గిటారు మెడ కళ్ల ముందుకు వచ్చింది. రెండు అంటే రెండు మెట్లు కదలాలి, ఒకటి అంటే ఒక మెట్టు కదలాలి. నేను రెండుకు ఒకటే కదిలాను, ఒకటికి అసలు కదలనే లేదు. ఎనిమిది స్వరాల దారిలో సగం కూడా పోకుండా ఇల్లు చేరానని నెల రోజులు మురిసిపోయాను.

పళ్లెం అవ్వ పక్కన పెట్టేసి అక్కడికక్కడే ఎక్కి చూశాను. రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కి ఆగాను. మళ్లీ రెండు, ఆగాను. ఒకటి, ఆగాను. రెండు, రెండు, రెండు, ఒకటి. మొత్తం పన్నెండు మెట్లు. పన్నెండు అనగానే ఆ రెండు దిష్టిచుక్కలు గుర్తొచ్చాయి. అవి దిష్టికి పెట్టినవి కావు. ఇల్లు అక్కడుందని చెప్పడానికి పెట్టినవి. నమ్మలేక ఇంకో పన్నెండు ఎక్కాను, ఇంకో పన్నెండు.

వెనక్కి తిరిగి చూసేసరికి ఒక అరవ కుటుంబం, మొక్కుకు పెంచిన జుట్లతో తండ్రీ ఇద్దరు కొడుకులూ, పసుపు చీరల్లో ఇద్దరాడవాళ్లు, అచ్చం నా వరసలోనే ఎక్కుతున్నారు. రెండు, ఆగడం. రెండు, ఆగడం. ఒకటి, ఆగడం. పెద్దావిడ రొప్పుతూ నా దగ్గరికి వచ్చి, ఈ మొక్కు ఏ కోరికకు పనిచేస్తుందని అరవంలో అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచక, సంగీతం వస్తుందని చెప్పాను. ఆమె చిన్నకొడుకు వైపు అనుమానంగా చూసి, సరేలే, అదైనా రానీ అన్నట్టు తల ఊపి మళ్లీ ఎక్కింది. గాలిగోపురం దాకా వాళ్లు ఒక్క మెట్టు వరస తప్పలేదు. ఆ పిల్లవాడికి సంగీతం వచ్చిందో లేదో నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ అనుకుంటాను.

స్వామి ఎదుటికి చేరింది ఆ సాయంత్రం. ఆ రెండు క్షణాల్లో గిటారు నాకే దక్కేలా చూడమని అడగాలనుకున్నాను. లోపల ఆ పన్నెండును మళ్లీ కూడుకుంటూ ఉండిపోయాను. జరగమ్మా జరగమ్మా అని తోసేశారు.

ఇంటికి రాగానే కుంకుమ బొట్లు తడిగుడ్డతో తుడిచి, కొత్తవి పెట్టాను. మొదటి నుంచి మీటాను. ఒక్కో స్వరం దాని చోట అది నిలబడింది. పన్నెండో గడిలో రెండు తెల్ల చుక్కల మీద వేలు ఆనించి మీటితే వట్టి తీగే చిన్నపిల్ల గొంతుతో పలికినట్టు పలికింది. వంటింట్లో రుబ్బురోలు ఆగింది. "ఇప్పుడు మనిషి గొంతు మాదిరి ఉండాది," అన్నది అమ్మ. నాకు ఏడుపొచ్చింది. ఈసారి చీమలు లేవు.

కానీ స్కేలు పాట కాదు. నీలంకాయ కోత మొదలైపోయింది, కడాపటి లారీకి పదిరోజులు కూడా లేవు. మంగళహారతి మీద నాకు విరక్తి పుట్టింది. ఏ పాట తీసుకోవాలో తెలియక మిద్దె మీద కూర్చుని ఉంటే, పక్కన అవ్వ తాండ్ర పూస్తోంది. మామిడి రసం చాప మీద పోసి అరచేత్తో పలుచగా పూసి ఎండబెడతారు. ఎండిన పూత మీద మర్నాడు ఇంకో పూత. చెయ్యి అటూ ఇటూ పోతుంటే అవ్వ నోట్లోంచి ఒక కూనిరాగం వస్తుంది. మాటలుండవు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి దాన్ని నేనెప్పుడూ విననే లేదు. ఆ రోజు విన్నాను.

మూడు రోజుల్లో దాదాపు అంతా దొరికింది, తాండ్ర చాప మీద ఈగలు తోలుతున్నట్టు నటిస్తూ వెతుక్కున్నాను. ఒక్క చోటే పేచీ. రాగం పైకెక్కి, ఇల్లు చేరబోయే ముందు ఆగే స్వరం కాగితం చెప్పిన మెట్టు మీద కుదరడం లేదు. దానికి ఒక మెట్టు కింద ఉంది. ఆ కింది మెట్టుకు బొట్టు లేదు. మెకానిక్కు మామ సంగీతమంతా ఇంతే అన్నాడు, అవ్వేమో అందులో లేని చోట ఆగుతోంది. ఎవరిది తప్పు? కాగితం మీద రాసున్నదానికే నేను మొగ్గాను. పదో తరగతి దాకా చదివిన బుర్ర కదా.

కడాపటి లారీ రోజున మెకానిక్కు మామ వచ్చాడు. గంపలు ఎక్కాయి, నేనే అరిచి లెక్కపెట్టాను. గిటారు పెట్టడానికి నాయన ముందు వైపు గంపల సందున అప్పుడే చోటు ఉంచి పెట్టాడు. ఆ ఖాళీ సరిగ్గా గిటారంతే ఉంది.

అందరూ మిద్దె మీద కూర్చున్నారు. మామ తన నోటుపుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. నేను మొదలుపెట్టాను. ఆ ఒక్క చోట కాగితం చెప్పినట్టే వాయించాను. అయిపోయింది.

అవ్వ చెవి నా వైపు వంచి, "ఎవురో దగ్గిరి సుట్టం మాదిరి ఉండాది గానీ, పేరు తెలీలే," అన్నది.

నాయన లేచి కండువా దులుపుకున్నాడు. నేను, "ఇంకొక్కతూరి నాయనా," అన్నాను. ఈసారి కాగితాన్ని పక్కన పెట్టి ఒక మెట్టు దిగి, బొట్టు లేని గడిలో వేలు పెట్టాను. నాయన తల చటుక్కున తిరిగింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఇద్దరికీ తెలిసిపోయింది. తెలియనిది ఒక్క అవ్వకే.

"నేను యాడా వినలే దీన్ని," అన్నది అవ్వ.

"సరింగా వినమ్మా," అన్నాడు నాయన. ఆయన గొంతులో బతిమాలుకోవడం నేను అంతకు ముందు వినలేదు.

"ఏందిరా వినేది? కొండెక్కొచ్చిన నోటితో అబద్ధం సెప్పమంటావా? నాకు తెలీదంటే తెలీదు."

పందెం పందెమే. గుర్తుపట్టాల్సింది అవ్వ. ఆమె నోటిలో ఎప్పుడూ ఉండేదాన్ని ఆమె చెవి ఎన్నడూ వినలేదని నేను లెక్కలోకి తీసుకోలేదు. మెకానిక్కు మామ పుస్తకం మూసి నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడు అమ్మ లేచింది. మూలనున్న మామిడి రసం తపేలా తెచ్చి అవ్వ ముందు పెట్టింది. "ఎండ పోతా ఉండాది అత్తా. మాటలు సాలుగానీ ఒక పూత పూసేయండి," అన్నది. ఏమీ ఎరగనట్టు నా వైపు కూడా చూడలేదు.

ఎండ పోతుందంటే అవ్వ ఊరికే కూర్చోలేదు. రసం పోసి అరచెయ్యి పెట్టింది. చెయ్యి అటు పోయింది, ఇటు వచ్చింది. మూడోసారి చెయ్యి కదిలేసరికి రాగం బయటికి వచ్చింది. నేను మెల్లగా తీగ మీటాను. అవ్వ గొంతూ నా గిటారూ పక్కపక్కనే నడిచాయి, పైకెక్కాయి, బొట్టు లేని ఆ మెట్టు మీద ఇద్దరం కలిసి ఆగాం.

అవ్వ చెయ్యి ఆగింది. వేళ్ల నుంచి రసం కారుతోంది. గిటారును చూసింది, నన్ను చూసింది, తన చేతిని చూసుకుంది.

"ఇది మాయమ్మది," అన్నది. "తాండ్ర పూసేటప్పుడు పాడేది. నాకు ఊహ తెలిసీ తెలియకుండానే పోయింది మాయమ్మ. ఆమె గొంతు ఎట్లుంటాదో మరిసిపోయినానని ఇన్నాళ్లూ అనుకుంటా ఉన్నా."

రోడ్డు మీద లారీవాడు హారను కొట్టాడు. నాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. కిందికి దిగిపోతాడనుకున్నాను. నా దగ్గరికి వచ్చి, గిటారు మీద చెయ్యి ఆనించి, లారీలో గంప మీద ఆనించినట్టే ఆనించి, "లాభం," అన్నాడు.

మెకానిక్కు మామ నా వేలు ఏ గడిలో ఉందో వంగి చూశాడు. చెవి మీది పెన్సిలు తీసి, పాత కాగితం మీద చివరి రెండు అంకెలనూ అటుదిటు చేశాడు. రెండు, ఒకటి అని ఉన్నది ఒకటి, రెండు అయింది. "ఇది వేరే స్కేలు అమ్మణ్ణీ. నా పుస్తకంలో పదకొండో పేజీలో ఉండాది. దీన్లో పాట ఉంటాదని నాకు తెలీదు," అన్నాడు. లారీ ఎక్కి కూర్చున్నాక కూడా ఆ రాగాన్ని ఈలలో పట్టుకోవాలని చూశాడు. రాలేదు. ఆయన ఖాళీ చేతులతో పోతుంటే నాకు బాధేసింది. ఆయన మాత్రం కూతురికి పెళ్లి చేసి పంపిన వాడిలా తేలిగ్గా ఉన్నాడు.

ఆ తోట ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పులో సగం పోయింది, మిగతా సగంలో హోటలు కట్టారు. అవ్వ పోయి చాలా కాలమైంది. నాయన చివరి రోజుల్లో మాత్రలు కూడా లాభం అనే మొదలుపెట్టేవాడు. గిటారు నాతో అత్తగారింటికి వచ్చింది, రెండు ఊళ్లు తిరిగింది, ఒక వానాకాలం పొట్ట పగిలింది. పిల్లలు, వంట, ఉద్యోగం వీటి మధ్య నేను దాన్ని బాగు చేయించలేదు. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. మనవరాలికి నేను వాయించేదాన్నని కూడా చెప్పలేదు. ఇప్పుడేం చెబుతాంలే అనిపించేది.

ఆదివారం ఆ నవ్వు అయ్యాక మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కున్నాను. ముందు గదిలో అది గడ్డం కుర్రాడి నోరు మూయించి తనంతట తానే ఏదో వెతుక్కుంటోంది. రాగం పైకెక్కి, ఇల్లు చేరబోయే ముందు చెవికి గుచ్చుకుంది. మళ్లీ మొదటి నుంచి వచ్చి మళ్లీ అక్కడే గుచ్చుకుంది.

"ఒక మెట్టు కిందికి దిగు," అన్నాను నేను వంటింట్లోంచే.

దిగింది. కుదిరింది. తర్వాత గిటారు పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేనేం వాయిస్తుండానో నీకెట్ల తెలుసు అమ్మమ్మా?"

"నీకెట్ల తెలుసే అది? నేనెప్పుడూ నీకు వినిపించలేదే."

"బలే దానివే. రోజూ దోసెలు పోసేటప్పుడు పాడతావు గదా," అంది.

నేనెప్పుడు పాడానని అడగబోయి ఊరుకున్నాను. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకున్నాను. దాని గిటారు మీద అరచెయ్యి ఆనించి, నాయన మాట అన్నాను.